ప్రశ్నావళి

ప్రశ్న, ఆవళి కలిస్తే ప్రశ్నావళి. ఆవళి అంటే వరుస. దీపావళిలో, నామావళిలో ఉన్నదీ అదే. సర్వే చేసేవాళ్లు ఈ రెండో సగాన్ని మరిచిపోతుంటారు.

1948లో అమెరికన్లను ఒక సర్వేలో అడిగారు: కమ్యూనిస్టు దేశాల విలేకరులను ఇక్కడికి రానిచ్చి, చూసింది చూసినట్టు రాసుకోనివ్వాలా? ఇదే మొదటి ప్రశ్నైతే 36 శాతం సరేనన్నారు. అమెరికా విలేకరులను రష్యా రానివ్వాలా అని ముందు అడిగి, ఆ తర్వాత ఇది అడిగితే 73 శాతం! మనకొక న్యాయం, వాళ్లకొక న్యాయం అనడానికి మనసొప్పలేదు మరి.

కొత్త టీపొడి గురించి అడిగేటప్పుడూ అంతే. తెలిసిన బ్రాండ్లు చెప్పమన్నాకే జాబితా చూపాలి. మూడు నమూనాలుంటే ఏది ముందు కనిపించాలో మనిషి మనిషికీ మారుస్తుండాలి. ‘కొనను’ అన్నవాళ్లకే ‘ఎందుకు కొనరు?’ అన్న ప్రశ్న తెర మీదికి రావాలి. అసలు టీ ముట్టని మనిషిని రోజుకెన్ని కప్పులని అడిగితే, నోటికొచ్చిన అంకె చెప్పి తప్పుకుంటాడు. ఆ అంకె లెక్కలో చేరిపోతుంది.

సర్వే ఫలితాలు ప్రకటించేవాళ్లు ప్రశ్నావళిని కూడా, అడిగిన వరుసలోనే, పక్కన అచ్చువేయాలి.