ఓటు పడ్డ చోటే లెక్క

ఘనాలో నేనుండే తార్క్వా బంగారు గనుల ఊరు. బాయి పని ఎరిగిన మంచిర్యాల వాళ్లకు ఇక్కడి బతుకు కొత్తగా అనిపించదు. ఘనా ఎన్నికల తీరు మాత్రం విడమరిచి చెప్పాలి.

నాలుగేళ్లకోసారి, డిసెంబర్ 7న, ఒక్కొక్కరు రెండు ఓట్లు వేస్తారు. ఒకటి పార్లమెంటు సభ్యుడికి, ఒకటి నేరుగా అధ్యక్షుడికే. అధ్యక్షుడికి సగానికి మించి ఓట్లు రావాలి. ఎవరికీ రాకపోతే మొదటి ఇద్దరి మధ్య మళ్లీ పోలింగ్. యంత్రం లేదు, అభ్యర్థి ఫోటో పక్కన వేలిముద్రే.

అసలు చూడాల్సింది సాయంత్రం ఐదు దాటాక. పెట్టె ఎక్కడికీ కదలదు. బడి వరండాలోనో చెట్టు కిందో, ఓట్లు పడ్డ చోటే కుమ్మరిస్తారు. అధికారి ఒక్కో బ్యాలెట్ ఎత్తి చూపిస్తుంటే చుట్టూ చేరిన జనం గొంతు కలిపి లెక్కపెడతారు. వచ్చిన అంకెలను గులాబీ కాగితం మీదికెక్కించి, పార్టీల ఏజెంట్లు సంతకాలు చేసి తలా ఒక ప్రతి పట్టుకుపోతారు. ఇదే పింక్ షీట్. మన సింగరేణి గుర్తింపు సంఘం ఎన్నికల్లోనూ, 2023 డిసెంబర్ 27న, పోలింగ్ నాటి రాత్రే లెక్క మొదలైంది. లోక్‌సభకు 2024 మే 13న ఓటేసిన మన పెద్దపల్లి ఓటర్లు మాత్రం జూన్ 4 దాకా ఆగాల్సి వచ్చింది. నాకైతే ఇక్కడి పద్ధతే నచ్చింది.

ఇది పార్టీలు ఒకదాన్నొకటి నమ్మకపోవడం వల్ల వచ్చిన పద్ధతి. 1957లో స్వాతంత్ర్యం, 1964లో ఒకే పార్టీ పాలన, 1966 నుంచి 1981 దాకా సైనిక తిరుగుబాట్లు. 1992లో పాలిస్తున్న రాలింగ్సే గెలవడంతో, రిగ్గింగ్ జరిగిందని ప్రతిపక్షం పార్లమెంటు ఎన్నికలనే బహిష్కరించింది. ఆ తర్వాత పార్టీలన్నిటినీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడారు. 1996కల్లా లోపలిది బయటికి కనిపించే బ్యాలెట్ పెట్టెలు వచ్చాయి. 2000లో అధికార పార్టీ ఓడి దిగిపోయింది. 2008 అధ్యక్ష ఎన్నికల్లో తేడా దాదాపు నలభై వేల ఓట్లే. టైన్ అనే ఒక్క నియోజకవర్గంలో 2009 జనవరి 2న పోలింగ్ పెట్టాకే ఫలితం తేలింది. 2012 ఫలితంపై సుప్రీంకోర్టు విచారణను దేశమంతా టీవీలో చూసింది. ప్రధాన సాక్ష్యం పింక్ షీట్లే. కేసు ఓడిన ప్రతిపక్ష అభ్యర్థి అకుఫో-అడ్డో తీర్పుకు తలవంచాడు, 2016లో గెలిచాడు. 2024లో ఎన్నికల సంఘం ప్రకటించకముందే అధికార పార్టీ అభ్యర్థి బవుమియా ఓటమి ఒప్పుకున్నాడు.

గొడవలిప్పుడు బూత్ దాటాక, షీట్లన్నీ కలిపి కూడే కేంద్రాల దగ్గర. 2020లో టెచిమన్ సౌత్‌లో అలాంటి చోటే కాల్పుల్లో ఇద్దరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2024లో అబ్లెకుమా నార్త్ సీటు లెక్క అక్కడే చిక్కుకుపోయింది. 19 బూతుల పింక్ షీట్ల మీద తగవు తెగక, 2025 జూలైలో ఆ బూతుల్లో మళ్లీ ఓట్లు వేయించారు.