గోల్కొండ తీరంలో డచ్చి–ఇంగ్లీషు సంబంధాలు

17వ శతాబ్దంలో ప్రపంచ సముద్ర వ్యాపారం కోసం తలపడ్డ రెండు ప్రధాన శక్తులు డచ్చివారు, ఇంగ్లీషువారు. యూరప్‌లో వారి మధ్య యుద్ధాలూ సంధులూ మారిమారి నడిచాయి. తెలుగు తీరంలో మాత్రం ఇద్దరూ ఒకే సుల్తాను ఫర్మానాను, ఒకే నేతగాళ్ల మగ్గాలను నమ్ముకుని పక్కపక్కనే బతికారు.

ఈ పోటీకి మూలం మిరియాలు, లవంగాలు, జాజికాయ. అవి పండే తూర్పు దీవుల్లో బాగా చెల్లే సరుకు మన తీరపు బట్ట. పేటపూలి (నేటి నిజాంపట్నం) ప్రాంతపు చిరివేరు ఎరుపుతో అద్దిన వస్త్రాలకు ప్రత్యేక గిరాకీ ఉండేది. కాబట్టి బట్ట దొరికినవాడికే సుగంధ ద్రవ్యాలు దొరికాయి. డచ్చివారు 1605లో మచిలీపట్నం చేరి, మరుసటి ఏడు మహమ్మద్ కులీ కుతుబ్‌షా అనుమతి పొందారు. ఇంగ్లీషువారు 1611లో ‘గ్లోబ్’ ఓడలో వచ్చారు. విచిత్రమేమంటే ఆ ఓడ వ్యాపారం నడిపిన పీటర్ ఫ్లోరిస్, లూకాస్ ఆంథూనిస్ ఇద్దరూ డచ్చివారే. అంతకుముందు డచ్చి కంపెనీలో పనిచేసినవారే. పులికాట్‌లో డచ్చి అధికారులు ఈ పాత సహోద్యోగులను వ్యాపారం చేయనివ్వలేదు.

1619లో లండన్‌లో రెండు కంపెనీల మధ్య ఒప్పందం కుదిరింది. కలిసి కొని ధరలు అదుపులో ఉంచాలనీ, పులికాట్ వ్యాపారాన్నీ అక్కడి డచ్చి కోట ఖర్చునూ పంచుకోవాలనీ అందులో ఉంది. కొనేవారు ఏకమైతే నష్టపోయేది నేతగాడే. పొత్తు ఎక్కువకాలం నిలవలేదు. 1623లో తూర్పు దీవుల్లోని అంబోయినాలో డచ్చివారు పదిమంది ఇంగ్లీషువారిని కుట్ర నేరం మోపి చంపించడంతో దౌత్యం చెడింది. 1632లో సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా ఇచ్చిన ‘బంగారు ఫర్మానా’ ఇంగ్లీషువారికి ఊపిరి పోసింది. ఏటా 500 పగోడాలు చెల్లించి గోల్కొండ రేవుల్లో వ్యాపారం చేసుకునే వీలు దక్కింది. ఒక కంపెనీ మరీ బలపడకుండా ఇంకొకదానికి చోటివ్వడం రాజ్యానికీ లాభమే.

వ్యాపారం రేవుల దగ్గరే ఆగలేదు. ఖమ్మం ప్రాంతంలోని నాగులవంచలో డచ్చివారు కోఠీ పెట్టారు. పడమటి నుంచి వచ్చే దారి నాందేడు, ఇందూరు (నేటి నిజామాబాద్) మీదుగా గోల్కొండ చేరేది. ఇందూరు సీమలోని కోనసముద్రం ఉక్కు పర్షియా దాకా పేరు పొందింది.

యూరప్ యుద్ధాలు ఇక్కడి సముద్రానికీ పాకాయి. 1673లో మచిలీపట్నం–పేటపూలి తీరంలో రెండు నౌకాదళాలు పోరాడాయి. ఇంగ్లీషువారు ఓడలు కోల్పోయారు. మరుసటి ఏడు వెస్ట్‌మినిస్టర్ సంధితో యుద్ధం ముగిసింది. 1686లో గోల్కొండతో తగాదాపడి డచ్చివారు మచిలీపట్నాన్ని కొంతకాలం ఆక్రమించారు. 1687లో ఔరంగజేబు గోల్కొండను గెలిచాక కుతుబ్‌షాహీల మధ్యవర్తిత్వం పోయింది. అసలు మలుపు ఇదే. ఆపైన తేల్చింది ఫర్మానాలు కావు, సైన్యాలు.

1759లో బెంగాల్‌లోని బెదరా దగ్గర డచ్చివారు ఓడిపోయారు. 1781లో ఇంగ్లీషువారు నాగపట్నం పట్టుకున్నారు. 1784 సంధిలోనూ తిరిగివ్వలేదు. ఫ్రెంచి విప్లవ సైన్యాలు హాలండును ఆక్రమించినప్పుడు మిగతా డచ్చి స్థావరాలూ ఇంగ్లీషువారి చేతికి వచ్చి, 1818లో తిరిగి డచ్చివారికి దక్కాయి. అదీ నామమాత్రమే. 1824 మార్చి 17న లండన్‌లో కుదిరిన ఒప్పందంతో డచ్చివారు భారతదేశంలోని స్థావరాలన్నీ వదులుకుని, బదులుగా సుమత్రాలో బ్రిటిషు స్థావరాలు పొందారు. పాలకొల్లు, జగన్నాథపురం, భీమునిపట్నం 1825లో బ్రిటిషు పాలనలోకి వెళ్లాయి. డచ్చి సమాధులు ఇప్పటికీ భీమునిపట్నంలోనూ మచిలీపట్నంలోనూ ఉన్నాయి.