సయాము చెల్లించిన వెల

1885 నాటికి పడమట బర్మా ఆంగ్లేయులపాలును, తూర్పున అన్నాము ఫ్రెంచివారిపాలును కాగా, నడుమ సయాము మాత్రము స్వతంత్రముగా నిలిచెను. ఇది రాజుల చాతుర్యమని పలువురందురు. చాతుర్యము లేకపోలేదు, కాని దాని వెల నెవరు చెల్లించిరో విచారింపవలదా?

1893 జూలైలో ఫ్రెంచి యుద్ధనౌకలు పాక్‌నాము కోటల ఫిరంగులను దాటి బ్యాంకాకు చేరెను. ఆంగ్లేయులు తోడు వత్తురని చులాలాంగ్‌కార్న్ రాజు నమ్మియుండెను, వారు రాలేదు. మెకాంగు నది తూర్పుగట్టును విడిచి, ముప్పది లక్షల ఫ్రాంకుల దండుగ నిచ్చుకొనవలసివచ్చెను. 1896లో ఆ రెండు రాజ్యములును చావోప్రయా లోయలోనికి సేనల నంపమని తమలోఁ దామే యొడంబడిక చేసికొనెను. ఎవరి లోయనుగూర్చి మాటలాడుకొనిరో, ఆ సయామునకు అందు చోటే లేదు!

దొరకిన వ్యవధిని రాజు వృథాపుచ్చలేదు. 1905లో బానిసత్వమును రద్దుచేసెను. మీ న్యాయము మోటుదను పరదేశుల సాకును తొలఁగింప 1908లో నూతన శిక్షాస్మృతిని ప్రకటించెను. ఇది మెచ్చఁదగినదే.

అయినను 1909 నాటి సంధిని చూడుఁడు. కెడా, కెలాంటను, ట్రెంగాను, పెర్లిసు సీమలపైఁ గల హక్కుల నాంగ్లేయుల కప్పగించి, వారి ప్రజలపై న్యాయాధికారమును కొంత మరలఁబొంది, దక్షిణపు రైలుమార్గమునకు నలువది లక్షల పౌనుల యప్పు తెచ్చుకొనిరి. విడిచినవి సామంతుల నేలలు. కెడా సుల్తాను నెవరును సంప్రతింపలేదు. ఇఁక నచ్చటి వరిచేల రైతుల నడుగువా రెవరు?