జీపు ఎత్తు – కమాను కట్టల కథ



ఎర్రగడ్డ రైతు బజారుకు కూరగాయలు తెచ్చే జీపుకు గుంతల బాటలో అడుగు తగులుతోందా? ఎత్తు చేయించే ముందు దాని చరిత్ర కాస్త వినండి.

రెండవ ప్రపంచయుద్ధంలో, 1941లో, విల్లీసు జీపు సైన్యానికి వచ్చింది. మన దేశంలో 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలయ్యాక, బ్లాకు అధికారితో పల్లెలు తిరిగింది. దాని కమాను కట్టలు ఇరుసు కింద ఉండేవి. అందుచేత ఒళ్లు దిగువన ఉండి, బోల్తా భయం తగ్గింది.

తరువాత కొందరు ఆ కట్టలను ఇరుసు మీదికి మార్చారు. ఒళ్లు లేచింది; ఇరుసు గుండు మాత్రం నేలకు ఎంత దగ్గరో అంతే ఉండిపోయింది! దాన్ని లేపేది పెద్ద టైరే. పైగా స్టీరింగు పెట్టె పైకి పోయి, చక్రాల వద్దకు దిగే కడ్డీ ఏటవాలయింది. గుంతలో పడ్డప్పుడల్లా అది చక్రాలను పక్కకు లాగుతుంది. మీ చెయ్యి కదలకున్నా బండి దారి తప్పుతుంది. కడ్డీని మళ్లీ మట్టానికి తేవాలి, బ్రేకు గొట్టాలు పొడుగువి వేయాలి.

కంపెనీ కొలతలకు విరుద్ధమైన మార్పు చెల్లదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. కనుక ముందు రవాణా కార్యాలయంలో అడగండి. వెనుక కూర్చునేది మన పిల్లలే గదా!