ఉమ్మనీటి నుంచి తల్లి రక్తం దాకా

ఇంగ్లండ్‌లోని ఎర్ల్స్‌వుడ్ శరణాలయంలో వైద్యుడిగా పనిచేస్తున్న జాన్ లాంగ్డన్ డౌన్, అక్కడి పిల్లల్లో కొందరికి ఒకే తరహా పోలికలున్నాయని గమనించి 1866లో ఒక వ్యాసం రాశాడు. కారణాన్ని జాతుల సిద్ధాంతాల్లో వెతికి ఆయన ఘోరంగా పొరబడ్డాడు. అయితే ఆ పిల్లల చర్మం ఒంటికి మించి వదులుగా కనిపిస్తుందన్న మాట మాత్రం నిక్కమైన పరిశీలన. దాని విలువ తేలడానికి నూటపాతికేళ్లు పట్టింది.

ఇప్పుడు ఆయన పేరుతోనే డౌన్ సిండ్రోమ్ అంటున్న ఈ పరిస్థితి ఉన్న బిడ్డ, తల్లి వయసు పెరిగేకొద్దీ పుట్టే అవకాశం పెరుగుతుందని 1933లో లయొనెల్ పెన్‌రోజ్ లెక్కలతో చూపించాడు. ఎందుకలా అన్నది అప్పటికి అంతుపట్టలేదు. అసలు మనిషి కణంలో ఉండే క్రోమోజోములు 48 కాదు, 46 అని తేలిందే 1956లో.

ఆ తర్వాతి అడుగు పారిస్‌లో పడింది. అమెరికాలో కణాలను పెంచే పద్ధతి నేర్చుకుని వచ్చిన యువ వైద్యురాలు మార్త్ గోతియే, ట్రూసో ఆసుపత్రిలో ఒక పాత గదిని ప్రయోగశాలగా మార్చుకుంది. గాజు సామాను కోసం అప్పు చేసింది. కణాల పెంపకానికి కావలసిన సీరం కోసం తన రక్తాన్నే తీసుకుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డ కణాల్లో 47 క్రోమోజోములు కనిపించాయి. ఫొటో తీసే మైక్రోస్కోపు ఆమె దగ్గర లేదు. స్లైడ్లను సహోద్యోగి జెరోమ్ లెజూన్‌కు ఇచ్చింది. 1959లో వెలువడిన వ్యాసంలో మొదటి పేరు లెజూన్‌ది, రెండోది ఆమెది, అదీ తప్పు అక్షరాలతో. ఆమె పాత్రకు గుర్తింపు దక్కేసరికి అర్ధశతాబ్దం దాటిపోయింది. ఈ అన్యాయాన్ని చెప్పకుండా ఈ చరిత్ర రాయడం తగదు.

అదనపు క్రోమోజోమును కంటితో చూడగలిగాక, దాన్ని గర్భంలోనే పసిగట్టవచ్చన్న ఆలోచన సహజంగానే వచ్చింది. 1966లో ఉమ్మనీటిలోని కణాలను పెంచి క్రోమోజోములు లెక్కపెట్టారు. 1968కల్లా పుట్టబోయే బిడ్డలో డౌన్ సిండ్రోమ్‌ను గుర్తించారు. అయితే పొట్టలోకి సూది దించితే గర్భం పోయే ముప్పు కొంత ఉంటుంది. అందుకే ఈ పరీక్షను 35 దాటిన తల్లులకే సూచించేవారు. ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. చిన్న వయసులో కనేవారే ఎక్కువమంది కాబట్టి, డౌన్ సిండ్రోమ్ బిడ్డల్లో అధికభాగం 35 లోపు తల్లులకే పుట్టేవారు. వయసు అనే జల్లెడ పట్టుకున్నది కొద్దిమందినే.

దారి రక్తంలో దొరికింది. తల్లి రక్తంలో ఏఎఫ్‌పీ అనే ప్రోటీన్ తగ్గడానికీ, బిడ్డ క్రోమోజోముల తేడాకూ సంబంధముందని 1984లో బయటపడింది. 1988లో లండన్‌లో నికొలస్ వాల్డ్ బృందం తల్లి రక్తంలోని మూడు గుర్తులను (మార్కర్లను) ఆమె వయసుతో కలిపి లెక్కగట్టింది. 1992లో అదే నగరంలో కిప్రోస్ నికొలైడిస్ బృందం మూడో నెల స్కానింగులో బిడ్డ మెడ వెనక చేరే నీటి పొరను కొలిచింది. డౌన్ చూసిన వదులు చర్మం తొలి జాడ అదే. ఇవాళ మన ఊళ్లలో గర్భిణులకు రాసే ఎన్‌టీ స్కాన్, డబుల్ మార్కర్ పరీక్షల మూలాలు ఇవే.

మన దేశంలో ఈ కథ వేరే మలుపు తిరిగింది. 1970లలో ఉమ్మనీటి పరీక్ష వచ్చిన కొద్దికాలానికే, జబ్బు కోసం కాక ఆడపిల్లో కాదో తెలుసుకోవడానికి వాడటం మొదలైంది. మహారాష్ట్ర 1988లో దాన్ని చట్టంతో కట్టడి చేసింది. దేశమంతటికీ 1994లో చట్టం వచ్చి 1996లో అమల్లోకి వచ్చింది. నేటికీ స్కానింగ్ గదిలో సంతకాలు పెట్టించుకునేది అందుకే.

1997లో డెన్నిస్ లో బృందం తల్లి రక్తంలోనే బిడ్డ డీఎన్‌ఏ తునకలు తిరుగుతున్నాయని చూపించింది. 2011లో ఆ తునకలను లెక్కించే పరీక్ష మార్కెట్లోకి వచ్చింది. ఎన్‌ఐపీటీ అంటున్నది దీన్నే. పదో వారం నుంచి చేయవచ్చు, సూది తల్లి చేతికే. డౌన్ సిండ్రోమ్ విషయంలో ఇది ఎంతో కచ్చితమైనది. కానీ ఆ డీఎన్‌ఏ నేరుగా బిడ్డది కాదు, ఎక్కువగా మాయ నుంచి వచ్చేది. మాయకూ బిడ్డకూ అప్పుడప్పుడు తేడా ఉంటుంది. కనుక ఇదీ జల్లెడ పరీక్షే, తీర్పు కాదు.

పరీక్షలు ఇంత దూరం వచ్చాయి గానీ, వాటిని విడమరిచి చెప్పేవాళ్లు ఆ వేగంతో పెరగలేదు. డబుల్ మార్కర్ రిపోర్టులో 250కి 1 అని ఉంటే, అలాంటి 250 మంది తల్లుల్లో 249 మందికి ఆ సమస్య ఉండదని అర్థం. అది చెప్పేవారు లేక, ఎర్రక్షరాల్లో ‘హై రిస్క్’ అన్న మాట చూసి ఇల్లంతా బెంబేలెత్తుతుంది. మేనరికం వల్లేనని అత్తింటివాళ్లు, పుట్టింటివాళ్లు ఒకరినొకరు నిందించుకోవడమూ ఉంది. నిజానికి ఎక్కువ సందర్భాల్లో అదనపు క్రోమోజోము కణ విభజనలో జరిగే పొరపాటు వల్ల వస్తుంది, మేనరికం వల్ల కాదు.

అలాంటి రిపోర్టు చేతికొస్తే, ఆ అంకె ఎంతో, దాని అర్థమేమిటో డాక్టరుగారిని అడగండి. జన్యు సలహా ఇచ్చే నిపుణులను కలవండి. మన హైదరాబాదులోనే నిమ్స్, బేగంపేటలోని జన్యువ్యాధుల ఆసుపత్రి వంటివి ఉన్నాయి. ఉమ్మనీటి పరీక్షతో నిర్ధారణ కాకుండా, జల్లెడ పరీక్ష ఒక్కదాన్నే నమ్మి గర్భం విషయంలో ఏ నిర్ణయమూ తీసుకోవద్దు.