టీవీకి, గేమింగ్‌కు బడ్జెట్ సౌండ్‌బార్: వాట్ల కంటే కేబులే కీలకం

టీవీ పలుచబడే కొద్దీ దాని గొంతు కూడా పలుచబడింది. గోడకు బిగించే టీవీలలో చిన్న స్పీకర్లు సాధారణంగా నేలవైపో, వెనుకవైపో తిరిగి ఉంటాయి. ధ్వని గోడకు తగిలి చూసేవారిని చేరేసరికి నేపథ్య సంగీతపు హోరు మిగులుతుంది, సంభాషణ మసకబారుతుంది. పెద్దవారు సౌండ్ పెంచమంటారు. పక్క గదిలో పరీక్షలకు చదివేవారు తగ్గించమంటారు. పది వేల రూపాయల లోపు సౌండ్‌బార్ కొనాలన్న ఆలోచన చాలా ఇళ్లలో ఇక్కడే మొదలవుతుంది. అదే టీవీకి గేమింగ్ కన్సోల్ కూడా ఉంటే ఎంపిక మరికొంత జటిలమవుతుంది.

దుకాణంలో ముందుగా కంటబడేది పెట్టెపై పెద్ద అక్షరాలలో ఉన్న వాట్ల సంఖ్య. పీఎంపీఓ పేరిట వేలల్లో ముద్రించే అంకెకు ఆచరణలో విలువ లేదు. నిలకడగా అందే శక్తిని తెలిపే ఆర్‌ఎంఎస్ విలువనే చూడాలి. వాట్లు రెట్టింపైనా పెరిగే ధ్వని 3 డెసిబెల్సే. చెవికి రెండింతలుగా తోచాలంటే సుమారు పదింతల శక్తి అవసరం. కనుక 60 వాట్ల బార్‌కూ 120 వాట్ల బార్‌కూ మధ్య తేడా ధరలో కనిపించినంతగా వినిపించదు.

అసలు తేడా టీవీకి, బార్‌కు మధ్య అనుసంధానంలో ఉంది. చౌక రకాలలో కొన్నింటికి బ్లూటూత్, ఆక్స్ మార్గాలే ఉంటాయి. బ్లూటూత్‌లో ధ్వనిని కుదించి, పంపి, తిరిగి విప్పడానికి సాధారణంగా 100 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. సినిమా చూసేటప్పుడు కొన్ని టీవీలు, యాప్‌లు చిత్రాన్ని కూడా అంతే ఆలస్యం చేసి పెదవుల కదలికను సరిపెడతాయి. ఆటలో అది కుదరదు. బటన్ నొక్కిన క్షణానికే తెర స్పందించాలి. సెకనుకు 60 ఫ్రేములతో నడిచే ఆటలో 200 మిల్లీసెకన్లంటే 12 ఫ్రేములు. తుపాకీ మెరిసిన తరువాత ఎప్పటికో మోత వినిపిస్తుంది. ప్రసార రంగానికి అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ఇచ్చిన సిఫార్సు ప్రకారం, ధ్వని చిత్రం కంటే 125 మిల్లీసెకన్లు వెనుకబడితే ప్రేక్షకులు పసిగడతారు. 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా గుర్తిస్తారు.

ఈ చిక్కుకు మందు హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ. 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చిన ఈ సౌకర్యం వల్ల ఒకే కేబుల్ టీవీ ధ్వనిని బార్‌కు చేరవేస్తుంది. సీఈసీ సదుపాయం కూడా ఉంటే టీవీ రిమోట్‌తోనే శబ్దం తగ్గించవచ్చు. ఇంట్లో రెండో రిమోట్ ఎక్కడుందో వెతికే బాధ తప్పడం చిన్న లాభమేమీ కాదు. ఏఆర్‌సీ లేని పాత టీవీకి ఆప్టికల్ కేబుల్ చక్కని ప్రత్యామ్నాయం. ప్లేస్టేషన్ 5కు ఆప్టికల్ పోర్టు లేదు కనుక కన్సోల్‌ను హెచ్‌డీఎంఐ ద్వారా టీవీకి, టీవీని ఆప్టికల్ ద్వారా బార్‌కు కలపాలి. రెండు చానెళ్ల బార్ అయితే టీవీ ఆడియో సెట్టింగులలో పీసీఎం ఎంచుకోవడం మేలు. డీకోడింగ్ వల్ల కలిగే జాప్యం కొంత తగ్గే అవకాశం ఉంది.

5.1 వ్యవస్థ పేరు ఆకర్షిస్తుంది. కానీ వెనుక స్పీకర్లకు వైర్లు, స్థలం కావాలి. ఇరుకు హాలులో సోఫా గోడకు ఆనుకుని ఉంటే వాటివల్ల ప్రయోజనం స్వల్పం. ఉమ్మడి గోడలున్న అపార్టుమెంట్లలో సబ్‌వూఫర్ అదురు పొరుగింటికి ముందుగా చేరుతుంది. సంభాషణే ప్రధానమైతే, మాటలకు ప్రత్యేకంగా మధ్య చానెల్ ఉన్న బార్ ఈ ధరలో దొరికితే దానికే మొగ్గాలి. లేదంటే సాధారణ 2.0 బార్‌లో మాటలను స్పష్టపరిచే మోడ్ ఉందో లేదో అడగాలి.

రాత్రి ఆటలకు మాత్రం సౌండ్‌బార్ కంటే వైర్డ్ హెడ్‌ఫోన్ మెరుగు. కంట్రోలర్‌లోని 3.5 మిల్లీమీటర్ల జాక్‌కు తగిలిస్తే చాలు; అడుగుల చప్పుడు ఏ దిశ నుంచి వస్తోందో స్పష్టంగా తెలుస్తుంది, ఇల్లు నిద్రపోతుంది.

కొనడానికి వెళ్లే ముందు టీవీ వెనుక ఏ హెచ్‌డీఎంఐ పోర్టు పక్కన ఏఆర్‌సీ అని రాసి ఉందో ఫోన్‌తో ఫొటో తీసుకోవడం ఉపయోగకరం. దుకాణంలో హోరెత్తించే పాట వినిపిస్తే దాన్ని ఆపించి, వార్తల చానెల్ పెట్టమని కోరాలి.