షరాబు పరీక్షకు నిలిచే గారడీ నాణెం

నేడు నర్సరీలకు పేరుపడిన కడియం, వేంగీ చాళుక్యులు ఏలిన రాజమహేంద్రవరానికి పొరుగునే ఉండటం వల్ల, ఏ కాలంలో ఆ నగరంలో ఏ నాణెం చెలామణీ అయితే దానితోనే క్రయవిక్రయాలు సాగించిన ప్రాంతం. 11వ శతాబ్దంలో శక్తివర్మ, రాజరాజనరేంద్రుడు వేయించిన బంగారు నాణేలకు నడుమ వరాహ లాంఛనం, చుట్టూ విడివిడి ముద్రలతో కొట్టిన రాజు పేరులోని అక్షరాలు ఉంటాయి, వెనుకవైపు మాత్రం ఏమీ ఉండదు. అరకాన్ తీరం నుంచి సయాం వరకు దొరికిన ఈ నాణేలు రేకంత పలుచనివి కాబట్టి, గారడీవాడు వాటిలో దాచగలిగింది ఏమీ లేదని చెప్పవచ్చు. నాణెంలోనే కిటుకు పెట్టాలంటే దానికి దళసరి కావాలి, రెండువైపులా ముద్ర కావాలి, పదునైన అంచు కావాలి. ఈ మూడూ కుదిరిన నాణెం ఈ గోదావరి డెల్టాకు ఈస్టిండియా కంపెనీ రూపాయి రూపంలో వచ్చింది.

అంతకుముందు వరహాలూ రకరకాల రూపాయలూ కలగలిసి తిరిగిన రోజుల్లో, నాణేల విలువ కట్టి ఒకదానికి బదులు మరొకటి ఇచ్చే వర్తకుడిని షరాబు అనేవారు. బంగారమైతే గీటురాయి మీద గీసి వన్నె చూడటం, వెండి అయితే తూచి, రాతి పలక మీద వేసి మోత విని, ఎవరైనా అంచు ఆకురాయితో అరగదీశారేమోనని గోటితో తడమటం అతని పని. 1835 చట్టంతో 180 గ్రెయిన్ల బరువు, పన్నెండింట పదకొండు వంతుల వెండి గల రూపాయి కంపెనీ ఏలుబడి అంతటికీ ఒక్కటే అయ్యాక షరాబు వ్యాపారం సన్నగిల్లింది గాని, బరువు, మోత, అంచు అనే అతని మూడు పరీక్షలు జనం చేతుల్లోకి దిగి, సత్తు రూపాయిని పట్టుకొనే ఉపాయంగా మిగిలాయి.

కిటుకు నాణేన్ని తయారుచేసేవాడు దాటవలసిన గండాలు సరిగ్గా ఈ మూడే. ఈ పనితనానికి ఆంగ్లంలో తొలి వివరణల్లో ఒకటి 1584లో రెజినాల్డ్ స్కాట్ అచ్చువేసిన ‘ది డిస్కవరీ ఆఫ్ విచ్‌క్రాఫ్ట్’లో ఉంది: ఒక వెండి నాణేన్నీ, లెక్కలకు వాడే ఒక లోహపు బిళ్ళనూ చెరొకవైపు పలుచగా అరగదీసి, నున్నని ముఖాలు కలిపి అతికి, ఒకే బిళ్ళ అనిపించేలా అంచును ఆకురాయితో సరిచేయాలని అందులో చెప్పాడు. తెలుగునాట ఇంద్రజాలమే వృత్తిగా గల విప్రవినోదుల ప్రస్తావన విజయనగర కాలపు శాసనాల్లో కనిపించినా, ఊరూరా తిరిగిన గారడీవాళ్ళ నాణేల ఆట ప్రధానంగా హస్తలాఘవం, అంటే వేళ్ళ నేర్పు, మీదనే నడిచింది. ప్రేక్షకుడు ఇచ్చిన బిళ్ళతోనే ఆడేవాడికి కిటుకు నాణెం అక్కరలేదు కూడా.

లోపలి లోహాన్ని తొలిచి, మరో నాణెం మీద టోపీలా తొడిగే డొల్లను ‘షెల్’ అంటారు. దాని వ్యాసాన్ని కొద్దిగా పెంచి చేస్తే మామూలు నాణెమే అందులో ఇముడుతుంది, లేకపోతే లోపల పెట్టే నాణేన్ని చెక్కి చిన్నది చేయవలసి వస్తుంది గనుక మొదటి రకానికే విలువ ఎక్కువ. మంచి షెల్ ఏ వైపు తిప్పి తొడిగినా బిగుసుకోకుండా కూర్చొంటుంది, బోర్లిస్తే తన బరువుకే జారి వస్తుంది, అంచు మీది గీతలు చెరిగిపోకుండా ఉంటాయి. అయితే కొనేవారు ఎక్కువగా పొరబడేది షెల్‌తో కలిపి అమ్మే సెట్టులోని మిగిలిన నాణేల విషయంలోనే. షెల్ తళతళలాడుతూ తోటి నాణేలు అరిగి నల్లబడి ఉంటే, లేదా అవన్నీ ఖంగుమంటూ అదొక్కటి మొద్దుగా మోగితే, ఎంత సూక్ష్మమైన పనితనమైనా వృథా. అందువల్ల సెట్టుకు విలువ కట్టవలసింది కిటుకు ఎంత గడుసుదన్న దాన్ని బట్టి కాదు, నాణేలన్నీ ఒకే సంచిలో అరిగినట్లు కనిపించే పొందికను బట్టి.

టంకశాల చేసిన ప్రతి మార్పూ షెల్ తయారీని ప్రభావితం చేసింది. 1940లో రూపాయిలోని వెండి సగానికి దిగి, దొంగనాణేలను అరికట్టడానికి అంచు మీద కొత్త తరహా గాడి వచ్చింది. 1947లో వెండి పోయి నికెల్ వచ్చింది. 1957లో నయా పైసలతో వచ్చిన అలల అంచు పది పైసలకు షెల్ చేస్తే, అలకు అల కలిస్తే తప్ప అది తొడగదు. తరువాతి అల్యూమినియం బిళ్ళకు బరువూ లేదు, మోతా లేదు. దీనికి తోడు, మోసబుద్ధితో నాణెం బరువు తగ్గించడాన్నీ రూపం మార్చడాన్నీ 1860 నాటి శిక్షాస్మృతి నేరంగా పరిగణించగా, 2011 నాణేల చట్టం నాణేలను కరిగించడాన్నీ ధ్వంసం చేయడాన్నీ నిషేధించింది. ఇంద్రజాలికుల సెట్లలో తరచు కనిపించే అమెరికా అర డాలరు వ్యాసం 30.6 మిల్లీమీటర్లు, దాదాపు పాత వెండి రూపాయి అంతే. అయినా దాని మీది బొమ్మను ఎన్నడూ చూడని ప్రేక్షకుడికి అది మొదటి నుంచే అనుమానాస్పదమైన వస్తువు.

రెండు లోహాల పది రూపాయల బిళ్ళ చక్కని దళసరి గలది, అందరూ ఎరిగినది కాబట్టి ఈ లోటు తీర్చవలసింది. కాని అది చెల్లదన్న పుకారు పుట్టి తెలుగు రాష్ట్రాల్లో చాలామంది దుకాణదారులు పుచ్చుకోవడం మానేశారు. 14 నమూనాలూ చెల్లుతాయని 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు ప్రకటించవలసి వచ్చింది. కడియం దగ్గరి కడియపులంక పూల మార్కెట్టులో గారడీవాడు ఆ బిళ్ళ తీస్తే, ఆట మొదలు కాకముందే చూసేవాళ్ళు దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తారు. టంకశాల నుంచి వచ్చిన అసలు నాణెమైనా సరే.